ఇంటి మురుగు గొట్టాలు ఎందుకు మూసుకుపోతాయి?

ఇంట్లోకి మంచినీరు ఎలా వస్తుందో ఇంతకు ముందు పాఠంలో చదివారు. వాడిన నీరు బయటికి ఎలా పోతుందో, దారిలో ఎందుకు ఆగిపోతుందో ఇప్పుడు తెలుసుకుందాం. మొదట ఒక తేడాను గుర్తుంచుకోండి. మంచినీటి గొట్టంలో నీరు ఒత్తిడితో, గొట్టం నిండా పారుతుంది. మురుగు గొట్టంలో అలా కాదు. అక్కడ నీరు వాలును బట్టి, గొట్టంలో కొంత భాగం మాత్రమే నిండి పారుతుంది. వెనక నుంచి నెట్టే శక్తి ఏదీ ఉండదు. కాబట్టి ప్రవాహం మందగించిన చోటల్లా ఘనపదార్థం అడుగుకు దిగి నిలిచిపోతుంది.

ఈ ఘనపదార్థాన్ని ఎప్పటికప్పుడు ఈడ్చుకుపోవడానికి కావలసిన కనీస వేగాన్ని స్వయంశుద్ధి వేగం అంటారు. రోజులో ప్రవాహం ఎక్కువగా ఉండే వేళల్లోనైనా సెకనుకు సుమారు 0.6 మీటర్ల వేగం వచ్చేటట్లు మన దేశంలో మురుగు కాలువలను రూపొందిస్తారు. ఇంటి దగ్గర 100 మిల్లీమీటర్ల గొట్టాన్ని సాధారణంగా 40కి 1 వాలుతో, అంటే 4 మీటర్ల పొడవుకు 10 సెంటీమీటర్ల పల్లంతో వేస్తారు. గొట్టం కింద మట్టిని గట్టిగా దిమ్మిస చేయకుండా పూడ్చేస్తే కొన్నాళ్లకు అది నడుమ కుంగుతుంది. ఆ గుంటలో నీరు నిలుస్తుంది, నీటి అడుగున మడ్డి చేరుతుంది. ఏటా ఒకే చోట పూడిక వస్తోందంటే తప్పు వాడకానిది కాకపోవచ్చు, గొట్టం వేసిన తీరుది కావచ్చు.

వంటింట్లో ప్రధాన కారణం నూనె, కొవ్వు. డాల్డా, మాంసపు కొవ్వు చల్లారగానే గొట్టం గోడకు పట్టుకుంటాయి. వేరుశనగ నూనె గడ్డకట్టదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ మురుగులోని సూక్ష్మజీవులు నూనెను కొవ్వు ఆమ్లాలుగా విడగొడతాయి. ఆ ఆమ్లాలు నీటిలోనూ కాంక్రీటులోనూ ఉండే కాల్షియంతో కలిసి కాల్షియం సబ్బుగా మారతాయి. ఇది నురగ వచ్చే సబ్బు కాదు, నీటిలో కరగని గట్టి పదార్థం. కఠినమైన బోరునీటిలో సబ్బు వాడినప్పుడు బకెట్టుకు పట్టే తెల్లని సబ్బు తెట్టు కూడా ఈ జాతిదే. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతంలో మురుగు కాలువలో దాదాపు 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉన్న ఇలాంటి కొవ్వు ముద్ద బయటపడింది. తుడుచుకుని పారేసిన తడి వైప్స్ దానిని పీచులా పట్టి ఉంచాయి.

మన సింకుల్లో ఆ పీచు పాత్రను అంట్లు తోమే కొబ్బరి పీచు, చింతపండు పిప్పి, టీ పొడి, గంజితో ముద్దయిన మెతుకులు పోషిస్తాయి. స్నానాల గదిలో వెంట్రుకలు ఆ పని చేస్తాయి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు నీటిని పీల్చి ఉబ్బడానికే తయారైనవి. వాటిని మరుగుదొడ్డిలో వేస్తే గొట్టంలోనూ అదే పని చేస్తాయి. నివారణ ఏమిటో ఇక్కడే అర్థమవుతుంది. మూకుడును కాగితంతో తుడిచి, ఆ తరువాత కడగండి. వాడిన నూనెను సీసాలో పోసి చెత్తబండికి ఇవ్వండి. సింకుకు, నహానీ ట్రాప్‌కు జాలీ పెట్టండి. నీళ్లు త్వరగా పోవాలని జాలీ తీసేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆదా అయ్యే ఆ రెండు నిమిషాలకు తరువాత ప్లంబర్‌కు డబ్బు కడతాం.

అడ్డు ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాదు. సింకు ఒక్కటే ఆగితే అడ్డు దాని ట్రాప్‌లోనో కొమ్మ గొట్టంలోనో ఉంటుంది. కింది అంతస్తులో అన్నీ ఒకేసారి ఆగితే, లేదా ఒకచోట నీళ్లు వదిలితే మరోచోట గుడగుడమంటూ పైకి వస్తే ప్రధాన గొట్టాన్ని అనుమానించాలి. అప్పుడు ఇంటి ముందున్న ఛాంబర్ మూత తీసి, కాస్త దూరంగా నిలబడి చూడండి. ఛాంబర్ నిండి ఉంటే అడ్డు వీధి వైపు ఉంది. ఖాళీగా ఉంటే ఇంటికీ ఛాంబర్‌కూ మధ్య ఉంది. సింకు కింద బకెట్టు పెట్టి ట్రాప్ మరను విప్పితే సగం సమస్యలు అక్కడే తీరతాయి. యాసిడ్ పోయడం మాత్రం నేను సమర్థించను. అది బ్లీచింగ్ పొడితో కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. పైగా తరువాత గొట్టం విప్పే మనిషి ముఖం మీద అదే చిందుతుంది.

ఇక వీధిలోని లైను సంగతి. 1908 మూసీ వరదల తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య హైదరాబాదుకు వరద రక్షణతో పాటు మురుగు పారుదల పథకాన్ని కూడా సూచించారు. మురుగు కాలువ, వానకాలువ వేరువేరుగా ఉండాలన్నది ఇంజనీర్లకు తెలిసిన సూత్రమే. కానీ చాలామంది డాబా మీది వాన గొట్టాన్ని మురుగు ఛాంబర్‌లోకే కలిపేస్తారు. వర్షం రాగానే మ్యాన్‌హోళ్లు పొంగడానికి ఇది ఒక ముఖ్య కారణం. వాననీటిని మురుగు ఛాంబర్‌కు కలపకండి, వీలైతే ఇంకుడు గుంతకు మళ్లించండి. వీధిలో నీరు నిలిచిందని మ్యాన్‌హోల్ మూత తీయడం మరీ ప్రమాదం. నీటి కింద ఆ గొయ్యి ఎవరికీ కనిపించదు.

పూడిక వల్ల కదలకుండా ఉన్న మురుగులో ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు కొన్ని బ్యాక్టీరియాలు సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. గాఢత పెరిగితే ముక్కు ఆ వాసనను పట్టే శక్తిని కోల్పోతుంది. వాసన పోయింది కదా అని దిగిన మనిషి అక్కడే కుప్పకూలుతాడు. మడ్డిని కదిపినప్పుడు అందులో చిక్కుకున్న వాయువు ఒక్కసారిగా బయటికి వస్తుంది. అతన్ని కాపాడబోయి వెంటనే దిగిన రెండో మనిషీ చనిపోయిన సంఘటనలను మీరు పత్రికల్లో చదివే ఉంటారు.

రక్షణ సామగ్రి, తగిన జాగ్రత్తలు లేకుండా మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను మనిషి చేత శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి నేరానికి రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇది పురపాలక సంఘానికే కాదు, కూలికి మనిషిని పిలిచే ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మురుగు కాలువ పనిలో మరణించిన వారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. కాబట్టి వీధి లైను నిండితే మేస్త్రీ తెచ్చే మనిషి కోసం చూడకండి. మీ పురపాలక సంఘానికి, హైదరాబాదులో అయితే జలమండలి 155313 నంబరుకు ఫిర్యాదు చేసి, జెట్టింగ్ యంత్రాన్ని పంపమని అడగండి. సెప్టిక్ ట్యాంకు ఉన్నవారు అది పొంగేదాకా ఆగకుండా, రెండు మూడేళ్లకు ఒకసారి వాక్యూమ్ ట్యాంకరుతో ఖాళీ చేయించుకోండి.