వెండితెర నుండి ఊరి గడప వరకు

సరిహద్దుకు ఇరువైపులా ఉన్న తెలుగు కుటుంబాలను ఒకచోట కూర్చుండబెట్టగల శక్తి సినిమాకు ఉన్నది. బరంపురం పరిసరాలలో, గంజాం జిల్లా పల్లెలలో ఒక మంచి చిత్రాన్ని ప్రదర్శించి, అనంతరం వికలాంగుల అవసరాలను చర్చించినచో, ఉపన్యాసం కన్న అది మనసుకు హత్తుకొనును. చెన్నైలో ఎబిలిటీ ఫౌండేషన్ 2005లోనే ఇందుకై ఎబిలిటీఫెస్ట్ అను చలనచిత్రోత్సవాన్ని ఆరంభించినది.

తెలుగులోనూ తగిన చిత్రాలున్నవి. కె. విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ (1986)లో నాయకుడు అంధుడైన వేణు విద్వాంసుడు. నాయిక మాటలు రాని చిత్రకారిణి. అతని మాట ఆమెకు వినబడును. ఆమె సైగ అతనికి కనబడదు. ఇరువురి నడుమ ఏ సాధనం వారధి కావలెను? చర్చను ఇక్కడ మొదలుపెట్టవచ్చును. ‘ఊపిరి’ (2016)లో చక్రాల కుర్చీకి పరిమితమైన కథానాయకుడు ధనవంతుడు; సహాయకుడు, విశాలమైన ఇల్లు ఉన్నవి. అదే స్థితి ఒక కౌలురైతుకు వచ్చినచో మన వీధిలో ఆ కుర్చీ ఎంత దూరం కదలును?

దీనికి సమాధానం కొలతలలో ఉన్నది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలుదారి, సుమారు మూడడుగుల వెడల్పు ద్వారం ఉండవలెను. మోకాళ్ల నొప్పులున్న అవ్వకు, నిండు చూలాలికి, బస్తా మోసే కూలీకి సైతం ఆ వాలుదారి ఉపకరించును. అందరికీ అనువైన నిర్మాణమనగా ఇదియే.

ఈ తీరాన ఇది ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ సమీపాన, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపాన తీరం దాటినవి. స్తంభాలపై ఎత్తుగా కట్టిన తుఫాను ఆశ్రయానికి మెట్లు మాత్రమే ఉన్నచో, నడవలేని వారిని గాలివానలో చేర్చుట ఎట్లు? 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, ప్రకృతి విపత్తులలో వారికి సమాన రక్షణ కల్పించవలెనని నిర్దేశించినది. సినిమాహాళ్లలో చూపు, వినికిడి లోపమున్న ప్రేక్షకుల సౌకర్యార్థం కేంద్రం 2024 మార్చిలో మార్గదర్శకాలు వెలువరించినది.

ప్రదర్శన సైతం అందరికీ అందవలెను. మెట్లు లేని స్థలమును ఎన్నుకొనుట, చక్రాల కుర్చీకి కుటుంబీకుల పక్కనే చోటు విడుచుట, తెరపై అక్షరాలు వేయుట, చూపులేని వారికి దృశ్యాన్ని ఒకరు మెల్లగా వివరించుట అవసరం. చర్చ తెలుగులోను, ఒడియాలోను సాగవలెను. తొలి మాట వికలాంగులదే కావలెను. మరునాడు వారితో కలిసి బడి, పంచాయతీ కార్యాలయం, తుఫాను ఆశ్రయం గడపలను టేపుతో కొలిచి, లోపాలను వ్రాసి గ్రామసభ ముందుంచవచ్చును.