నాసి బొగ్గు నుండి పైరుకు బలము

శ్రీరాంసాగర్ చెంతనున్న మెండోర ప్రాంతమున పసుపు, వరి పండించు రైతులకు ‘హ్యూమిక్ ఆమ్లము’ అను నల్లని ద్రవము అంగళ్లలో లభించుచున్నది. దీని పుట్టుక, గుణము పంచాయతీ సభ్యులు ఎరుగుట మేలని మా తలంపు.

భూమిలో పూడిన చెట్టుచేమలు పూర్తిగా బొగ్గు కాకమునుపటి దశ లిగ్నైటు. తమిళనాడులోని నైవేలి గనులు దీనికి ప్రసిద్ధములు. వేడిమి తక్కువగుటచే నాసిబొగ్గనిపించుకొన్నను, ఇందు హ్యూమిక్ పదార్థములు మెండుగా కలవు. మన సింగరేణి బొగ్గు ఇంతకన్న ముదిరినది. అందు ఇవి స్వల్పము.

సాధారణముగా లిగ్నైటును క్షారద్రవముతో కరిగించి వీనిని తీయుదురు. కొయ్యను పుచ్చజేయు పుట్టగొడుగు జాతి శిలీంధ్రములు కూడ లిగ్నైటును నల్లని ద్రవముగా మార్చగలవని అమెరికా శాస్త్రజ్ఞులు కోహెన్, గాబ్రియేల్ 1982లో ప్రకటించిరి. ఇట్టి సూక్ష్మజీవులు క్షారములను, ఎంజైములను స్రవించి బొగ్గును విడగొట్టును. పని నిదానము, కావున పరిశోధనలు సాగుచున్నవి.

హ్యూమిక్ పదార్థము వేళ్ల పెరుగుదలకు తోడ్పడును. పోషకములను నేలలో పట్టియుంచును. అయినను నత్రజని, భాస్వరములకు ఇది బదులు కాదు. 2021లో కేంద్రప్రభుత్వము దీనిని ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో బయోస్టిమ్యులెంట్ల క్రింద చేర్చినది. రైతులు సీసాపై వివరములు చదివి, రసీదుతో కొనవలెను. బొగ్గుపొడిని నేరుగా పొలమున చల్లిన ఈ ఫలము రాదు.

మాగిన పెంటకుప్పలోను సూక్ష్మజీవులు ఇట్టి పదార్థములనే తయారుచేయుచున్నవి. పేడను, పసుపు ఆకును, వరిగడ్డిని తగులబెట్టక గుంతలో మాగనిచ్చిన, ఆ బలము స్వల్ప వ్యయముతోనే దక్కును. అట్టి గుంతలకు తావు చూపుట పంచాయతీ తలపెట్టదగిన మంచిపని.