బొమ్మ యొకరిది, పేరు వేరొకరిది

నొస్సము పేరు వినగానే మన సీమవారికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జ్ఞప్తికి వచ్చును. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఉరిదీయబడిన యా వీరుని కథను మన పల్లెలలో నేటికిని పాడుచున్నారు. 1858 వరకు కడప జిల్లాలోను, పిదప కర్నూలు జిల్లాలోను, 2022 నుండి నంద్యాల జిల్లాలోను చేరిన యా గ్రామమునకు మరియొక కీర్తియు గలదు. గంజీఫా యను చేతిచిత్రపు పేకల చరిత్ర వ్రాసిన విద్వాంసులు తెలుగునాట నిర్మలతోపాటు కర్నూలును, కడపను, నొస్సమును పేర్కొనియున్నారు. ఈ సంగతి నెరిగినవారు మనలో నెందరు?

గంజీఫా పేకలు గుండ్రనివి. గుడ్డను చింతగింజల జిగురుతో గట్టిపరచి, సుద్ద పూసి, రంగులతో బొమ్మలు వ్రాసి, పైన లక్కపూత పెట్టుదురు. దశావతారపు ఆటలో ఒక్కొక్క యవతారమునకు రాజు, మంత్రి, ఒకటి మొదలు పది వరకు అంకెలు, వెరసి పండ్రెండు చొప్పున 120 పేకలుండును. యంత్రములపై నచ్చొత్తిన విదేశపు చౌక పేకలు వచ్చి యీ వృత్తిని మ్రింగివేసినవి. మిగిలినవి ప్రదర్శనశాలల అద్దాల వెనుక నున్నవి. వాని క్రింద నూరి పేరుండును; వ్రాసిన చేతి పేరుండదు.

ఈ దుర్గతి మన చిత్రకారులకు మాత్రమే పట్టినది కాదు. ఇంగ్లండున పమేలా కోల్మన్ స్మిత్ అను చిత్రకారిణి యుండెడిది. ఆమె 1878లో లండనున జన్మించి, బాల్యమున కొంతకాలము జమైకాలో గడపి, న్యూయార్కున చిత్రకళ నభ్యసించెను. జమైకా వాసుల కథలను 1899లో తన బొమ్మలతో ప్రకటించెను. స్త్రీల వోటు హక్కుకై పోరాడినవారికి చిత్రములు వ్రాసియిచ్చెను. అంతవరకు ఛాయాచిత్రములనే ప్రదర్శించుచుండిన స్టీగ్లిట్జ్ గారి న్యూయార్కు చిత్రశాలలో 1907లో తొలుత స్థానము వడసిన చిత్రలేఖనములు ఈమెవే.

1909లో ఎ. ఇ. వెయిట్ అను పండితుడు టారో పేకకు బొమ్మలు వ్రాయుమని యామెను కోరెను. టారో 15వ శతాబ్దమున ఇటలీలో ఆటగా పుట్టి, 18వ శతాబ్దమున ఫ్రాన్సులో జోస్యమునకు సాధనమయ్యెను. ఆ జోస్యము నిజమా కాదా యనునది మన చర్చకాదు; మనకు బొమ్మలే ప్రధానము. కొన్ని నెలలలోనే యామె 78 చిత్రములను ముగించెను. అంతకుముందు సాధారణముగా కత్తులు, గిన్నెలు మాత్రమే లెక్కకు చూపు చిన్న పేకలలోనికి మనుష్యులను, వారి దుఃఖసంతోషములను దెచ్చెను. పని పెద్దది, పైకము స్వల్పమని యామె మిత్రునకు వ్రాసికొనెను. ఆ పేకకు ప్రచురణకర్తయగు రైడర్ పేరును, వెయిట్ పేరును నిలిచినవి. చిత్రకారిణి పేరు జారిపోయెను.

1951 సెప్టెంబరు 18వ తేదీన కార్న్వాల్ లోని బ్యూడ్ పట్టణమున ఆమె పేదరాలుగా మరణించెను. ఆమె వస్తువులను అప్పులకై వేలమువేసిరి. సమాధిపై పేరు చెక్కించువారు లేకపోయిరి. కాని యామె తన పొడి అక్షరములను ముద్రగా పేకల మూలలలో వ్రాసియుంచెను. ఆ చిన్న గురుతే సాక్ష్యమై నిలిచినది. 2019లో ఆమె చదివిన ప్రాట్ విద్యాలయము ఆమె కృతుల ప్రదర్శన జరిపెను. నేడు విద్వాంసులా పేకకు రైడర్, వెయిట్ పేర్ల సరసన స్మిత్ పేరును గూడ చేర్చి వ్యవహరించుచున్నారు.

ముద్రయున్న యామెకే యింత యాలస్యమైనచో, ముద్ర వేయు వాడుకయే లేని మన చిత్రకారుల మాట యేమి? ఇల్లే కార్ఖానాయైన వృత్తులలో స్త్రీల శ్రమ యింటిపనిలో గలిసిపోవును. ఒడిశాలోని రఘురాజపురమున పటము వ్రాయుటకు గుడ్డను సిద్ధపరచు పనిలో స్త్రీల పాలు పెద్దది. అమ్ముడుపోవు పటముపై వారి ప్రసక్తి యరుదు. అట్లని స్త్రీలు కళను నిలువబెట్టలేరని కాదు. మహారాష్ట్రమున సావంతవాడి రాణి సత్వశీలాదేవి భోంస్లే వృద్ధ చిత్రకారుడగు పుండలీక చితారి వద్ద గంజీఫా పని నేర్చి, రాజభవనముననే కార్ఖానా నెలకొల్పి, అంతరించిపోవుచున్న విద్యను నిలిపెను.

కర్నూలు, కడప సీమల గృహస్థులకు మా విన్నపమిది. మీ మిద్దెల యటకలపై, భోషాణములలో గుండ్రని పేకలు గల కొయ్యపెట్టె యున్నచో బిడ్డల యాటకిచ్చి పోగొట్టకుడు, దళారికి విక్రయింపకుడు. ఇంటి యవ్వ నడిగి, అది యే యూరిదో, ఎవరు చేసిరో, ఎవరు వ్రాసిరో కాగితముపై నెక్కించి పెట్టెలో నుంచుడు. నేడు బొమ్మ వ్రాయించువారు వ్రాసినవారి పేరును దాని వెనుక వ్రాయింపుడు. ఆ పనిలో చేయి వేసిన యాడుబిడ్డ పేరును విడువకుడు. కూలి యిచ్చినంతమాత్రమున ఋణము తీరదు. పేరు నిలిపిననే తీరును.