వంశం మీదికి నెట్టకండి

"వాళ్ళమ్మ ఒళ్ళే వచ్చింది, ఏం చేసినా తగ్గదులే!" బొద్దుగా ఉన్న నాలుగేళ్ళ పిల్లాడి బుగ్గ గిల్లి, ఇంటికొచ్చిన చుట్టాలు అనే మాట. ముద్దుగానే అంటారు. కానీ ఆ ఒక్క మాటతో తప్పంతా తల్లిదైపోతుంది, పిల్లాడి సంగతి తేలిపోతుంది, ఇంట్లో ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు.

అంతా వంశమే అయితే లెక్కలు ఇంత త్వరగా మారకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్ళు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. 15-49 ఏళ్ళ మహిళల్లో 20.6 నుంచి 24 శాతానికి పెరిగారు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 36 శాతం పైనే. నాలుగైదేళ్ళలో జన్యువులు మారిపోయాయా?

రాత్రి భోజనం చూడండి. తొమ్మిదిన్నరకు ఫోన్లో కార్టూన్ పెట్టి పిల్లాడి నోట్లో ముద్దలు కుక్కుతారు. వాడు మొహం తిప్పుకున్నా "ఇదొక్కటే, ఆఖరిది" అంటారు. కడుపు నిండిందని తెలుసుకోవడం పసివాడికి పుట్టుకతోనే వచ్చు, మరిపిస్తున్నది మనమే. మిగిలిన నాలుగు ముద్దలు పారేయలేక, అమ్మ తన భోజనం మీద అవీ తింటుంది. గిన్నెలు సర్దుకుని ఇద్దరూ పడుకునేసరికి పదకొండున్నర. నిద్ర చాలకపోయినా బరువు పెరుగుతుంది. ఇందులో వంశం ఎక్కడుందో చెప్పండి.

సరే, జన్యువుల పాత్ర అసలే లేదనను. కొందరికి త్వరగా ఒళ్ళొచ్చే తత్వం ఉంటుంది. అది తెలిసినప్పుడు ఇంకాస్త జాగ్రత్తపడాలి గానీ చేతులెత్తేస్తే ఎలా?

ఇక "ఇద్దరికి సరిపడా తినాలి" అంటారు. గర్భిణికి అదనంగా కావాల్సింది రోజుకు 350 కిలోకేలరీలు, ఇంకో మనిషి భోజనం కాదు. "పెరిగేకొద్దీ సాగిపోతాడు" అంటారు, అందరూ సాగరు. "హెల్త్ డ్రింక్" అంటారా, మన ఆహార భద్రత చట్టంలో దానికి నిర్వచనమే లేదు. డబ్బా తిప్పి చక్కెర ఎంతుందో చదవండి.

అలాగని పిల్లాడికి అన్నం తగ్గించకండి, తల్లికి కడుపు మాడ్చుకునే డైట్లు చెప్పకండి. అంగన్‌వాడీలో ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూపించండి. ఎనిమిదింటికల్లా అందరికీ ఒకే వంట వడ్డించి, ఫోను పక్కన పెట్టండి. రెండేళ్ళలోపు పిల్లలకు పంచదార వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. నాన్నలూ, సాయంత్రం వస్తూ వస్తూ బేకరీ కవరు పట్టుకురావడం మానండి.