మొద్దు అని ముద్ర వేసే ముందు



"మా వాడు ఒక్కచోట కుదురుగా కూర్చోడండీ, కాళ్లకు చక్రాలున్నాయి" అనని తల్లి మన ఇళ్లలో అరుదు. పిల్లలన్నాక అల్లరి చేస్తారు. వయసు పెరిగేకొద్దీ అది చాలామందిలో తగ్గుతుంది. అయితే కొందరిలో ఈ నిలకడలేమి చదువుకూ, స్నేహాలకూ, ఇంటి ప్రశాంతతకూ అడ్డుపడేంతగా ఉంటుంది. దీనినే వైద్యులు అటెన్షన్ డెఫిసిట్ హైపర్ యాక్టివిటీ డిజార్డర్, క్లుప్తంగా ఏ.డి.హెచ్.డి. అంటారు. ధ్యాస నిలవకపోవడం, అతిగా కదలడం, ముందువెనుకలు చూడకుండా తొందరపడడం దీని లక్షణాలు.

ఈ పిల్లలు మొదలుపెట్టిన పని పూర్తిచేయలేరు. పలక, పెన్సిలు, టిఫిన్ డబ్బా రోజూ ఎక్కడో మరచిపోతారు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెబుతారు. ఆటలో తమ వంతు వచ్చేదాకా ఆగలేరు. అందరూ అల్లరే చేస్తారనుకోకండి. కొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, నోరు మెదపకుండా కూర్చుంటారు. కాని ధ్యాస పాఠం మీద ఉండదు. వారి ఇబ్బంది ఎవరి కంటా పడదు.

దీనిని తేల్చడానికి రక్తపరీక్ష గాని, స్కానింగ్ గాని లేవు. లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలయ్యాయా, కనీసం ఆరు నెలలుగా ఉన్నాయా, ఇంట్లోనూ బడిలోనూ కూడా కనిపిస్తున్నాయా, వాటివల్ల రోజువారీ జీవితం కుంటుపడుతోందా అని వైద్యులు విచారిస్తారు. చూపు, వినికిడి, నిద్ర సరిగా ఉన్నాయో లేదో కూడా చూస్తారు.

సరిహద్దు జిల్లాలలో ఉండే మనం ఇక్కడే మరొక సంగతి ఆలోచించాలి. హోసూరులో ఇంట తెలుగు, బడిలో తమిళం. బళ్లారిలో బడి కన్నడం, షోలాపూరులో మరాఠీ, రాయగడలో ఒడియా. ఒకటో తరగతిలో చేరిన బిడ్డకు పంతులుగారి మాట అర్థం కాకపోతే ఏం చేస్తాడు? కిటికీలోంచి బయటకు చూస్తాడు, పక్కవాణ్ణి గిల్లుతాడు. చూసేవారికి అది ధ్యాసలేమిగానే తోస్తుంది. అలాంటి బిడ్డకు కావలసింది మందు కాదు, భాష నేర్చుకునే వ్యవధి.

ఇంట్లో తెలుగులో ఒక పని చెప్పి చూడండి. "చెంబు తీసుకో, నీళ్లు నింపు, తులసికోటలో పోసి రా" అంటే చేసుకొస్తున్నాడా? ఇంటిపనుల్లో, ఆటల్లో కుదురుగానే ఉంటూ బడిలో మాత్రమే ఇబ్బంది పడుతుంటే భాషను అనుమానించాలి. తెలుగులో చెప్పినా రోజూ సగంలోనే మరచిపోయి, నెలల తరబడి ఇదే తీరుగా ఉంటే వైద్యునికి చూపించాలి. రెండు ఇబ్బందులూ కలిసి ఉండవచ్చు గనుక మనంతట మనమే తీర్పు చెప్పకూడదు. బిడ్డ ఇంట్లో మాట్లాడే భాష ఏదో వైద్యునికి తప్పక చెప్పండి. పరీక్షలో ప్రశ్నలు ఆ భాషలో అడగమని కోరండి. రెండు భాషలు నేర్వడం వల్ల ఈ సమస్య రాదు. కాబట్టి ఇంట్లో తెలుగు మానిపించనక్కరలేదు.

ఇది గారాబం వల్లనో, దిష్టి వల్లనో వచ్చేది కాదు. మెదడు ఎదుగుదలకు సంబంధించినది. వంశపారంపర్యం పాత్ర కూడా ఎక్కువే. కొడితే ధ్యాస కుదరదు. రోజూ "మొద్దు" అనిపించుకున్న బిడ్డ చివరకు తాను మొద్దునే అని నమ్ముతాడు. అసలు జబ్బుకంటే ఈ నమ్మకం చేసే చెరుపే ఎక్కువ.

కౌన్సెలింగ్ అంటే బిడ్డను కూర్చోబెట్టి నీతులు చెప్పడం కాదు. చిన్నపిల్లల విషయంలో ముందుగా తర్ఫీదు పొందేది తల్లిదండ్రులే. దూరం నుంచి కేకవేయకుండా దగ్గరికి వెళ్లి, కళ్లలోకి చూసి, ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. హోంవర్కును పది పదిహేను నిమిషాల ముక్కలుగా చేసి, మధ్యలో లేచి తిరగనివ్వాలి. నిద్రకూ, భోజనానికీ, చదువుకూ వేళలు పెట్టాలి. చేసిన మంచిపనిని అప్పటికప్పుడే, "చెప్పులు జతగా పెట్టావు, బాగుంది" అని పేరుపెట్టి మెచ్చుకోవాలి. తప్పు చేస్తే శిక్ష చిన్నదిగా, వెంటనే, ప్రతిసారీ ఒకే తీరుగా ఉండాలి.

ఉపాధ్యాయులు అలాంటి బిడ్డను కిటికీకి దూరంగా, ముందు వరుసలో కూర్చోబెట్టవచ్చు. బోర్డు తుడవడం, పుస్తకాలు పంచడం వంటి పనులు అప్పగిస్తే కదలిక తీరుతుంది, గౌరవమూ దక్కుతుంది. శిక్షగా ఆటల పీరియడు తీసివేయకూడదు.

ఆరేళ్ల లోపు పిల్లలకు మందుకంటే ముందు ఈ పద్ధతులే సూచిస్తారు. పెద్దపిల్లలకు అవసరమైతే మిథైల్ ఫెనిడేట్ వంటి మందులు ఇస్తారు. వీటివల్ల ఆకలి, నిద్ర తగ్గవచ్చు. అందుచేత బరువు, ఎత్తు, రక్తపోటు చూపించుకుంటూ ఉండాలి. మోతాదు మార్చడం, మానడం వైద్యుని సలహాతోనే జరగాలి.

సలహా కోసం జిల్లా ఆసుపత్రిలో పిల్లల వైద్యులను గాని, మానసిక వైద్యులను గాని అడగండి. చాలా జిల్లాలలో, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలను పరీక్షించే కేంద్రాలు ఏర్పడ్డాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ రాత్రి మీ బిడ్డ పుస్తకం ముందు కునికినా, పారిపోయినా కోపం తెచ్చుకునే ముందు ఒక్కమాట అడగండి: "నీకు ఎక్కడ కష్టంగా ఉంది నాన్నా?" ఆ జవాబు ఓపికగా వినండి. రేపు వైద్యునికి చెప్పవలసినదీ, పంతులుగారికి చెప్పవలసినదీ అందులోనే దొరకవచ్చు.