వేడి చేసిందని సరిపెట్టుకోవద్దు

నాట్లకు, కలుపుకు వెళ్లే ఆడవాళ్లు చాలామంది పొద్దుటినుంచీ నీళ్లు తక్కువగా తాగుతారు. తాగితే మూత్రానికి వెళ్లాలి, పొలంలో చాటు ఉండదు. ఇంటికొచ్చేదాకా బిగబట్టుకుంటారు. కొన్నాళ్లకు మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వెళితే బొట్లు బొట్లుగా రావడం, పొత్తికడుపులో నొప్పి మొదలవుతాయి. 'వేడి చేసింది' అని బార్లీ నీళ్లు తాగి ఊరుకుంటారు. నీళ్లు లోపలికి పోవడం మంచిదే. కానీ ఇది చాలావరకు వేడి కాదు, సూక్ష్మక్రిముల పని.

మన పేగుల్లో ఉండే ఇ-కొలి అనే క్రిమే ఎక్కువగా దీనికి కారణం. ఆడవాళ్లకు మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే ఉంటుంది కాబట్టి క్రిములు తేలిగ్గా మూత్రాశయం చేరతాయి. మూత్రం పోసినప్పుడల్లా కొట్టుకుపోతాయి, నిలవ ఉంటే పెరుగుతాయి. తరచూ ఈ జబ్బు వచ్చే 140 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. రోజూ అదనంగా లీటరున్నర నీళ్లు తాగినవారిలో జబ్బు సుమారు సగానికి తగ్గింది. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం డాక్టరును అడిగే నీళ్లు పెంచాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూత్ర పరీక్ష చేయించుకోండి. మొదటి ధార వదిలేసి మధ్యధార పట్టివ్వాలి. రాసిన మందు రాసినన్ని రోజులూ మింగాలి. మంట తగ్గిందని మిగిలిన బిళ్లలు దాచి మళ్లీ వచ్చినప్పుడు వేసుకోవడం, పక్కింటామెకివ్వడం మన ఊళ్లలో మామూలే. ఒకే మందు పదేపదే కొడితే శనగపచ్చ పురుగు మొండికేసినట్టే ఈ క్రిములూ మొండికేస్తాయి.

చలిజ్వరం, వాంతులు, నడుముకు ఒక పక్క నొప్పి ఉంటే జబ్బు మూత్రపిండాలకు పాకిందేమోనని అనుమానించి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు, షుగరున్నవారు, పిల్లలు, మగవాళ్లు మంట కనిపించగానే చూపించుకోవాలి. మూత్రంలో రక్తం కనిపిస్తే నొప్పి లేకున్నా అంతే.

కొందరికి పరీక్షలో క్రిమి కనిపించదు, నొప్పి మాత్రం ఆరు వారాలు దాటినా పోదు. మూత్రాశయం నిండేకొద్దీ నొప్పి పెరిగి, పోశాక కాస్త నెమ్మదిస్తుంది. దీన్ని ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అంటారు. 'అంతా నీ మనసులోనే' అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేయడం అన్యాయం, ఇది నిజమైన జబ్బే. క్రిములను చంపే మందులు దీనికి పనిచేయవు. కారం, టీ, కాఫీ, పులుపు కొందరికి పడవు. ఒక్కొక్కటి రెండు వారాలు మానేసి చూస్తే ఏది పడదో తెలుస్తుంది. వేడినీళ్ల కాపడం ఉపశమనమిస్తుంది. యూరాలజీ డాక్టరు సలహాపై మూత్రానికి వెళ్లే వ్యవధిని పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. బిగబట్టవద్దని చెప్పి ఇదేమిటనుకోవద్దు, ఇది ఇన్ఫెక్షన్ లేదని తేలాక చేసే సాధన.

ఇక కూలీలను పిలిచే రైతులకో మాట. గట్టు పక్కన నాలుగు కర్రలు పాతి పాత పట్టా చుడితే చాటు తయారవుతుంది. తాగే నీళ్ల బిందె చేనికి దగ్గర్లోనే, నీడన పెట్టించండి.