బస్సు నెఱిగి యెక్కుట



నలోపాఖ్యానము మీకందఱకును దెలిసినదే. బాహుకుడను పేర నజ్ఞాతముగా నున్న నలుడు ఋతుపర్ణుని రథమును విదర్భకు దోలుచుండగా, దారిలో రాజు ఉత్తరీయము జారి పడినది. రథము నాపుమని రాజు చెప్పునప్పటికే యది యోజనదూరము వెనుకబడినదట. నలునకు అశ్వహృదయము దెలియును. ఋతుపర్ణునకు అక్షహృదయము దెలియును. ఆ కథలో అక్షమనగా పాచిక. కాని సంస్కృతమున బండి యిరుసునకును అక్షమనియే పేరు. నేడు నేను మనవి చేయబోవునది యీ రెండవ యక్షమును గూర్చియే. ఊరినుండి యూరికి బోవు బస్సులలో ఇరుసుల మర్మము నెఱిగిన ప్రయాణికునకు సుఖమును గలదు, క్షేమమును గలదు.

ఈ విద్య నాకు గురువులవలన వచ్చినది కాదు, శిష్యునివలన వచ్చినది. నేను బడిలో తెలుగు చెప్పుచుండిన దినములలో ఒక విద్యార్థికి బస్సులపై మిక్కిలి మక్కువ. తరగతిలో నుండవలసిన వేళ బస్‌స్టాండులో నిలిచి, ఏ బస్సు ఏ డిపోకు జెందినదో, దాని ఇంజను ముందున్నదో వెనుకనున్నదో నోటుపుస్తకమున వ్రాసికొనుచుండెడివాడు. ఒకనాడు నేనా పుస్తకమును లాగికొని, ఇట్టి చదువెందులకును గొఱగాదని యందఱియెదుట మందలించితిని.

ఉద్యోగము విడిచిన పిమ్మట నాకు నడుమునొప్పి పట్టుకొన్నది. మా యమ్మాయి హైదరాబాదున గాపురమున్నది. విజయవాడ నుండి సుమారు 275 కిలోమీటర్ల దారి. ఒక రాత్రి చిట్టచివరి వరుసలో గూర్చుండి పోయితిని; తెల్లవాఱి దిగునప్పటికి నిటారుగ నిలువలేకపోయితిని. నన్ను జూడవచ్చిన యా శిష్యుడు మొట్టమొదట నడిగిన మాట: "మాస్టారూ, మీరు ఏ వరుసలో కూర్చున్నారండీ?" వైద్యుడును ఆ ప్రశ్న నడిగి యుండలేదు.

అతడు చెప్పిన కారణము త్రైరాశికమువలె తేటయైనది. బస్సులో ముందిరుసునకును వెనుక యిరుసునకును నడుమ ఆఱు మీటర్ల దూరమనుకొందము. వెనుక చక్రము మిట్ట నెక్కి, ఆ యిరుసు మీది భాగము ఆఱు సెంటీమీటర్లు లేచినది, ముందిరుసు కదలలేదు. అప్పుడు రెండిరుసులకు సరిగా నడుమ గూర్చున్నవాడు మూడు సెంటీమీటర్లే లేచును. వెనుక యిరుసునకు రెండున్నర మీటర్లు వెనుకగా గూర్చున్నవాడో, ఎనిమిదిన్నర సెంటీమీటర్లు లేచును. ముందు చక్రము మిట్ట నెక్కినప్పుడును నడిమివానికి సగమే తగులును. కావున నడుము నొప్పిగలవారును, గర్భిణులును, వృద్ధులును రెండిరుసుల నడిమి వరుసలనే కోరవలెను. చివరి వరుస దొరకినదని సంతసింపరాదు.

ఇక కమానుల మాట. సాధారణపు బస్సులలో ఇరుసునకును పైకట్టునకును నడుమ, ఒకదానిపై నొకటి పేర్చిన యుక్కుపట్టీల కట్టలుండును. ఇవి దృఢమైనవి, చవుకైనవి, పల్లెబాటలకు దగినవి. నిండు బరువును మోయవలసినవి గనుక వీనిని బిరుసుగా జేయుదురు. అందుచే బస్సు ఖాళీగా నున్నప్పుడు కుదుపు హెచ్చు. ఖరీదైన బస్సులలో వీనికి మాఱుగా గాలితిత్తులుండును. దళసరి రబ్బరు తిత్తులలో యంత్రము గాలిని నింపుచుండును. జనము హెచ్చిన గాలి హెచ్చును, జనము దిగిన గాలి తగ్గును. అందువలన బస్సు ఒకే యెత్తున నిలిచి, బరువెంతయైనను మెత్తగా సాగును.

మూడవది ఇంజను. పాతపద్ధతి బస్సులలో నిది డ్రైవరు ప్రక్కనే యుండి వేడిని, మ్రోతను ముందువారికి బంచిపెట్టును. 2001వ సంవత్సరమున వోల్వో కంపెనీ మనదేశమునకు దెచ్చిన బస్సులలో ఇంజను వెనుక నుండుటచే, ముందు వరుసలవారు తమ మాట తాము వినగలిగిరి. నేల నెత్తుగా గట్టుటచే సామానులకు క్రింద చోటు దొరకినది. నాటినుండి బస్సుల యభిమానులు టిక్కెట్టు కొనుటకు ముందు ఇంజనెచ్చటనో విచారించుట మొదలైనది.

మన ప్రాంతమున ప్రభుత్వపు బస్సులు 1932లో నిజాం రాష్ట్రపు రైల్వేశాఖ క్రింద 27 బస్సులతో, 166 మంది యుద్యోగులతో నారంభమైనవి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడినది. రాష్ట్రవిభజనము తరువాత తెలంగాణమునకు వేఱు సంస్థ వచ్చినది. బస్సులకు బెట్టిన పేర్లు నాకు ముచ్చట గొలుపును. గరుడుడు విష్ణుదేవుని వాహనమే గదా! పండుకొని పోవు రాత్రిబస్సునకు వెన్నెల యను పేరెంత తగియున్నది! అయినను నా శిష్యుడు పల్లెవెలుగును దక్కువగా జూడడు. గరుడలో సుఖము గలదు. పల్లెవెలుగులో ముందు కిటికీప్రక్కన గూర్చున్నవానికి దేశమంతయు గనబడును అనును.

సుఖమును జెప్పితిని, క్షేమమును జెప్పవలసియున్నది. 2013 అక్టోబరు 30వ తేదీ వేకువజామున, బెంగళూరు నుండి హైదరాబాదు వచ్చుచున్న యొక బస్సు నాటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెము కడ కల్వర్టునకు దగిలి మంటలపాలైనది. 45 మంది మరణించిరి. అదియు మెత్తని సీట్ల బస్సే. చల్లగాలి యంత్రమున్న బస్సులలో అద్దములు తెఱచుకొనవు. అవి చలిని బయటికి బోనీయవు, ఆపదలో మనుష్యుని సైతము బోనీయవు. అందులకే వాని ప్రక్కన చిన్న సుత్తిని వ్రేలాడదీయుదురు. వేఱుగా అత్యవసరద్వారము నుంచుదురు. ఎక్కినవెంటనే యీ రెండును ఎచ్చటనున్నవో చూడుడు. సుత్తి కొక్కెము వట్టిదై యున్నచో డ్రైవరు నడుగుడు, సిగ్గుపడవలదు. మీ సీటునుండి ఆ ద్వారమువఱకు ఎన్ని వరుసలో లెక్కపెట్టుకొనుడు. పొగలో కన్ను పనిచేయదు. చేతితో తడవి వరుసలను లెక్కించుకొనుచు బోవలెను.

ఋతుపర్ణుడు చెట్టును జూచి ఆకులను, కాయలను లెక్కచెప్పినవాడు. అతని యక్షహృదయము లెక్కించు విద్యయే. నా శిష్యుడును బస్సెక్కగానే కన్నులతో నేదో లెక్కించుట చూచి, వీని పిచ్చి యింకను వదలలేదని నవ్వుకొంటిని. అతడు లెక్కించునది ద్వారమునకు గల వరుసలని తరువాత దెలిసినది.

మొన్న పాతపెట్టె సర్దుచుండగా, ప్రశ్నపత్రముల నడుమ ఆ నోటుపుస్తకము దొరకినది. శిష్యునికి దిరిగి యిచ్చితిని. అతడు పుటలు త్రిప్పి, ఇందులో ఒక బస్సు నంబరు తప్పు వ్రాసితినని దిద్దుకొనెను.

సెలవు.